కంచె మీది పిట్ట నాటిన చెట్టు

(డాలస్ శివారులోని ఒక గ్రంథాలయ సమావేశ మందిరంలో, అక్టోబరు నెలలో ఒక శనివారం సాయంత్రం తెలుగువారి కోసం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ప్రసంగం మొదలుపెట్టకముందే ఒక స్టీలు డబ్బా మీ వరసల్లోకి పంపిస్తున్నాను. అందులో మిరియపు గింజ కంటే కాస్త పెద్దవి, కొన్ని ఇటుక రంగులో, కొన్ని వక్కపొడి రంగులో పండ్లు ఉన్నాయి. తలా ఐదు తీసుకోండి. నోట్లో మాత్రం ఇప్పుడే వేసుకోకండి. ఎలా తినాలో తెలియక తిన్నవాళ్ళలో కొందరు ‘ఇందులో తినడానికి ఏముంది’ అని ఉమ్మేస్తారు, మరికొందరు దవడ పట్టుకుని కూర్చుంటారు. చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి, లోపలి గింజ గట్టిది.

నన్ను పరిచయం చేసిన అమ్మాయి ‘వృక్షశాస్త్రవేత్త’ అంది. అంత మాట వద్దమ్మా. ప్రకాశం జిల్లాలో ఒక జూనియర్ కళాశాలలో ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పాను, అంతే. రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి వచ్చి పదకొండేళ్ళయింది. ఇక్కడికి వచ్చే మా వయసు వాళ్ళకు ఉండే పని మీకు తెలిసిందే. పొద్దున నడక, సాయంత్రం నడక, మధ్యలో ఇండియాకు ఫోను. ఆ నడకల్లో నాకు పరిచయమైన చెట్టు గురించి ఈ రోజు మాట్లాడతాను. దాని పేరు హ్యాక్‌బెర్రీ.

వచ్చిన మొదటి వేసవిలో, ఇంటి వెనక చెక్కల కంచె సందులోంచి ఒక మొక్క లేచింది. మా అల్లుడు చూసి, ‘మావయ్యా, అది పిచ్చి మొక్క, పీకేయండి’ అన్నాడు. పీకడానికే వంగాను. ముప్పై ఏళ్ళ అలవాటు ఊరుకోనిస్తుందా? ముందు ఆకు తిప్పి చూశాను. ఆకు మొదట్లో, కాడ కలిసే చోట, రెండు వైపులూ సమానంగా లేవు. ఒక వైపు కాస్త పైన మొదలైంది, రెండో వైపు కిందికి జారింది. దర్జీ తొందరలో కత్తిరించిన రవిక గుడ్డలా ఉంది. ఆ మొదట్లోంచే మూడు పెద్ద ఈనెలు బయలుదేరాయి. అంచున రంపపు పళ్ళు, పైన చేత్తో రుద్దితే గరుకు. ‘నిన్ను ఎక్కడో చూశానే’ అనుకున్నాను.

నేను చూసింది దాన్ని కాదు, దాని చుట్టాన్ని. మన ఊళ్ళలో నెమలినార చెట్టు ఉంటుంది, గుర్తుందా? ఎండాకాలంలో కాగితపు బిళ్ళల్లాంటి కాయలు గాలికి ఎగురుతూ వాకిలి నిండా పడతాయి. మా తరం పాఠ్యపుస్తకాల్లో నెమలినార, అమెరికా వీధుల్లోని ఎల్మ్ చెట్టు, ఈ హ్యాక్‌బెర్రీ అన్నీ ఒకే కుటుంబం. తర్వాత జన్యువులు చదవడం వచ్చాక శాస్త్రజ్ఞులు చుట్టరికాలు తిరగరాశారు. ఇప్పుడు హ్యాక్‌బెర్రీ ఉన్నది గంజాయి కుటుంబంలో. బీరులో చేదు కోసం వేసే హాప్స్ తీగ కూడా ఆ ఇంటిదే. ఈ సంగతి మా ఆవిడకు చెప్పడం నేను చేసిన తప్పు. వారం రోజులు ఆ మొక్క వైపు పోలీసు చూపు చూసింది. మీరేమీ కంగారుపడకండి. మీ చేతిలోని పండులో మత్తు మందు ఏమీ లేదు. చుట్టరికం ఉన్నంత మాత్రాన అందరికీ ఒకే గుణం రాదని మన ఇళ్ళలోనే చూస్తుంటాం.

దగ్గరి చుట్టాలైన జాతులన్నిటినీ కలిపి ప్రజాతి అంటాం. ఈ ప్రజాతికి లాటిన్‌లో సెల్టిస్ అని పేరు. ఉత్తర అమెరికా తూర్పు, మధ్య భాగాల్లో విస్తారంగా ఉండేది సెల్టిస్ ఆక్సిడెంటాలిస్. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు అది. మన డాలస్ చుట్టుపక్కల ఎక్కువగా కనిపించేది దానికి చెల్లెలు, సెల్టిస్ లీవిగేటా. పండు తియ్యన కాబట్టి దాన్ని షుగర్‌బెర్రీ అంటారు. దక్షిణ టెక్సస్‌లో ముళ్ళతో పొదలా పెరిగే గ్రాన్హేనో అనే మరో రకం ఉంది. పాత ప్రపంచంలోనూ, అంటే యూరప్, ఆసియా, ఆఫ్రికాల్లోనూ ఈ ప్రజాతి ఉంది. మధ్యధరా తీరాల్లో ఒక జాతి, ఆఫ్రికాలో ఒకటి. హిమాలయాల్లో గఢ్వాల్ రైతులు ఒకదాని కొమ్మలు కొట్టి పశువులకు మేతగా వేస్తారు. మన తూర్పు కనుమల అడవుల్లోనూ ఒక సెల్టిస్ ఉంది. హ్యాక్‌బెర్రీ అనే మాట మాత్రం స్కాట్లాండు నుంచి వచ్చిన వలసదారులది. వాళ్ళ ఊళ్ళో ‘హ్యాగ్‌బెర్రీ’ అంటే వేరే చెట్టు, ఒక రకం అడవి చెర్రీ. కొత్త దేశంలో చిన్న పండ్లు కనబడగానే పాత పేరు తగిలించేశారు. మనం మాత్రం తక్కువ తిన్నామా? ఇక్కడి జుకినీని ‘సొరకాయ లాంటిదే’ అని పులుసు పెట్టలేదూ?

సరే, కంచె సంగతికి వద్దాం. హ్యాక్‌బెర్రీ ఎప్పుడూ కంచె వెంటే ఎందుకు లేస్తుంది? కరెంటు తీగల కింద వరసగా ఎందుకు ఉంటుంది? పిట్ట పండు మింగి, కంచె మీద వాలి, రెట్ట వేస్తుంది. అక్కడ మొక్క మొలుస్తుంది. గడ్డి కోసే యంత్రం కంచె అంచు దాకా రాదు కాబట్టి బతుకుతుంది. మూడేళ్ళు ఎవరూ పట్టించుకోకపోతే మనిషెత్తు దాటుతుంది. అప్పుడు గమనించి కొట్టేస్తే మొదట్లోంచి నాలుగు చిగుళ్ళు వేస్తుంది. మన రావి, మర్రి గోడల మీద మొలిచే పద్ధతే ఇది. కాకపోతే రావి మొలిస్తే కొట్టడానికి మనవాళ్ళు భయపడతారు. హ్యాక్‌బెర్రీ వెనక ఏ దేవుడూ లేడు. అందుకే ఇక్కడి వాళ్ళు దీన్ని ‘ట్రాష్ ట్రీ’ అంటారు. చెత్త చెట్టు.

ఈ బిరుదు ఊరికే రాలేదు. చెట్టు తరఫున మాట్లాడటానికి వచ్చాను కదా అని దాని దోషాలు దాచను. కలప మెత్తన. బెరడు పలచన కాబట్టి దెబ్బ తగిలితే లోపల తొందరగా పుచ్చుతుంది. మంచు తుపాను వస్తే పెద్ద కొమ్మలు విరుగుతాయి. చెట్టు కింద గడ్డి సరిగా పెరగదు. నీడ ఒక కారణమైతే, షుగర్‌బెర్రీ ఆకుల్లోంచి నేలలోకి దిగే కొన్ని పదార్థాలు గడ్డిని ఎదగనివ్వకపోవడం మరో కారణం. పచ్చిక మీద ప్రాణం పెట్టుకున్న హెచ్‌ఓఏ వాళ్ళకు, అదే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘానికి, ఇది క్షమించరాని నేరం.

ఇక పేనుబంక. మీలో పత్తి పండించిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు పేనుబంక అంటే వివరించక్కర్లేదు. హ్యాక్‌బెర్రీ మీద తెల్లని దూది పింజల్లాంటి ఒక రకం పేనుబంక పడుతుంది. అది కూడా మనలాగే ఆసియా నుంచి ఈ దేశానికి వచ్చిందే. ఆకు రసం పీల్చి తియ్యని జిగురు విసర్జిస్తుంది. ఆ జిగురు కింద నిలిపిన కార్ల మీద పడి, దాని మీద మసి తెగులు పట్టి, మొన్న కడిగించిన కారు నల్లగా తయారవుతుంది. మా అల్లుడికి ఈ చెట్టు మీద ఉన్న కోపమంతా ఇదే. చెట్టుకు మాత్రం దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఆకుల అడుగున బొడిపెలు కూడా చూసి ఉంటారు. ఒక చిన్న రసం పీల్చే పురుగు అందులో కాపురం ఉంటుంది. చలికాలం వచ్చే ముందు అవి బయటికి వచ్చి, కిటికీ జాలీల్లోంచి ఇంట్లోకి దూరుతాయి. కుట్టవు, కరవవు. చీపురుతో ఊడ్చేస్తే పోతాయి.

ఇన్ని పురుగులు ఉన్నాయంటే, వాటిని తినేవి కూడా ఉన్నాయని అర్థం. నేను ఈ చెట్టు దగ్గర నిలబడి పోవడానికి అసలు కారణం సీతాకోకచిలుకలు. ‘హ్యాక్‌బెర్రీ ఎంపరర్’ అని ఒకటి ఉంది. దాని గొంగళిపురుగు ఈ చెట్ల ఆకు తప్ప మరొకటి ముట్టదు. పేరుకు చక్రవర్తి, పువ్వుల జోలికి పెద్దగా పోదు. కుళ్ళిన పండ్లు, చెట్టు గాయాల్లోంచి కారే రసం, పేడ దానికి ఇష్టం. ఉప్పు కోసం మన చెమట కూడా తాగుతుంది. ఒక జులై సాయంత్రం నడిచి వచ్చి చెట్టు కింద బెంచీ మీద కూర్చుంటే మోచేతి మీద వాలింది. గోధుమ రంగు రెక్కలు, నల్లని చుక్కలు. తొండం వాచీ స్ప్రింగులా విప్పి, నా చేతి వెంట్రుకల మధ్య మెల్లగా తడుముతూ నాలుగైదు నిమిషాలు ఉంది. చక్కిలిగింత పెట్టినట్టుంది. కదలకుండా కూర్చున్నాను. ఆ నాలుగు నిమిషాల్లో ఫోను రెండుసార్లు మోగింది, తీయలేదు.

దీని పిల్ల పురుగులు చలికాలమంతా ఎండి చుట్టుకుపోయిన ఆకుల్లో గుంపుగా పడుకుంటాయి. మనం శరదృతువు రాగానే ఆకులన్నీ ఊడ్చి ప్లాస్టిక్ సంచుల్లో కట్టి రోడ్డు మీద పెడతాం. వచ్చే ఏడాది సీతాకోకచిలుకలను ముందే సంచుల్లో కట్టి పంపేస్తున్నాం అన్నమాట. చెట్టు మొదట్లో కొంచెం మేర ఆకులు వదిలేయండి. అంతకంటే ఏమీ అడగను.

ముందుకు పొడుచుకొచ్చిన ముక్కుతో ‘స్నౌట్’ అనే మరో సీతాకోకచిలుక కూడా హ్యాక్‌బెర్రీ ఇంటి బిడ్డే. దక్షిణ టెక్సస్‌లో కరవు తర్వాత గట్టి వాన పడితే, ముళ్ళ హ్యాక్‌బెర్రీ పొదలు ఒక్కసారిగా చిగురించి, ఇవి కోట్ల కొద్దీ పుడతాయి. 1921 సెప్టెంబరులో శాన్ మార్కోస్ నుంచి రియో గ్రాండే దాకా 18 రోజుల పాటు సాగిన వాటి గుంపులో ఆరు వందల కోట్లకు పైగా ఉండవచ్చని అప్పట్లో అంచనా వేశారు. ఇప్పటికీ అటువంటి ఏడు వస్తే అక్కడి వాళ్ళు కార్ల ముందు జాలీలు శుభ్రం చేసుకోలేక అవస్థ పడతారు.

ఇక చేతిలో ఉన్నదాని సంగతి. ఇప్పుడు ఒక పండు తీసుకోండి. ఒక్కటే. నాలుక మీద పెట్టుకుని, లాలాజలంలో కాసేపు నాననివ్వండి. పై తొక్క పెళుసుగా ఉంటుంది, అది మెత్తబడుతుంది. ఇప్పుడు ముందు పళ్ళతో తొక్కను గీరండి. ఏం రుచి వస్తోంది? ఖర్జూరం పై తొక్కా? ఎవరో పాత బెల్లం అంటున్నారు. బాగా చెప్పారమ్మా, నాకూ కుండలో ముక్కిన నల్లబెల్లమే తట్టింది. పులుపు ఏమైనా ఉందా? లేదు. నీరుందా? లేదు. గుజ్జు ఎంత ఉంది? కాగితమంత మందం. ఇదీ ఈ పండు మీద ఫిర్యాదు. అంగట్లో పెట్టి అమ్మడానికి పనికిరాదు. ఆపిల్‌లాగా కొరకడానికి ఏమీ లేదు.

పరికి పండ్లు తిన్నవాళ్ళు చేతులెత్తండి. పరిమి పండ్లు అని కూడా అంటారు, ముళ్ళ తీగకు నల్లగా మెరుస్తూ కాస్తాయి. ఆహా, సగం మంది ఉన్నారు. మొర్రి పండ్లు? నల్లమల వైపు వాళ్ళకు తెలుస్తుంది. చెంచులు ఆకు దొప్పల్లో పోసి మార్కాపురం బజారులో అమ్మేవాళ్ళు. మొర్రి పండులో ఎంత గుజ్జుంది? చప్పరించడానికి రెండు క్షణాలకు సరిపడా. అయినా చేతులూ చొక్కాలూ నల్లబడేలా తినేవాళ్ళం. ఎందుకంటే తినడం అక్కడితో అయిపోదు. గింజ పగలగొడితే సారపప్పు వస్తుంది. ఆ చిన్న పప్పే పెళ్ళి పాయసంలోకి వెళ్ళింది. హ్యాక్‌బెర్రీని కూడా ఆ లెక్కలో చూడాలి. పండంటే గుజ్జే అనుకుంటే దీంట్లో నాలుగో వంతు కూడా చూడనట్టే. పై తొక్కలో చక్కెర, లోపలి పప్పులో నూనె, మాంసకృత్తులు. మధ్యలో అడ్డంగా ఉన్నది ఒక్క గట్టి చిప్ప.

ఆ చిప్ప కథ వినండి. ఇక్కడ గాజు గ్లాసులో వెనిగర్ పోశాను. గుజ్జంతా కడిగి ఎండబెట్టిన గింజలు నా దగ్గర ఉన్నాయి, చూడండి, గవ్వల్లా తెల్లగా, మీద వల అల్లినట్టు గీతలతో. ఒకటి చితక్కొట్టి వేస్తున్నాను. ముందు వరస వాళ్ళు చూసి వెనక వాళ్ళకు చెప్పండి. బుడగలు వస్తున్నాయా? సున్నపురాయి మీద పులుపు పడితే వచ్చే బుడగలే అవి. ఈ చిప్పలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్, అందులోనూ అరగొనైట్ అనే రూపం. ముత్యం లోపల మెరిసే పొరలు కూడా ఆ పదార్థమే. దానికి తోడు ఇసుకకు మూలమైన సిలికా. సున్నమంతా పులుపులో కరిగిపోయినా సిలికా గూడు మిగులుతుంది. చాలా చెట్ల గింజలు కర్రలాంటివి, మట్టిలో కుళ్ళిపోతాయి. హ్యాక్‌బెర్రీ గింజ పుట్టుకతోనే సగం రాయి. అందుకే వేల ఏళ్ళు నిలుస్తుంది.

ఎంత నిలుస్తుందంటే, బీజింగ్ దగ్గర జోకౌడియన్ గుహల్లో ‘పెకింగ్ మానవుడు’ అని పిలిచే ఆదిమ మానవుల ఎముకలు దొరికిన పొరల్లో హ్యాక్‌బెర్రీ గింజల చిప్పలు కుప్పలుగా దొరికాయి. లక్షల ఏళ్ళ నాటి మాట. అవి ఆ మనుషులు తిని పారేసినవని 1930లలో అనుకున్నారు. ఎలుకల వంటి జంతువులు తెచ్చి దాచుకుని ఉండవచ్చని తర్వాత కొందరు వాదించారు. ఆ తగవు నేను తీర్చలేను. టర్కీలో తొమ్మిది వేల ఏళ్ళ నాటి చటల్‌హొయుక్ ఊళ్ళో మాత్రం ఇళ్ళ మధ్యే ఈ గింజలు విస్తారంగా దొరికాయి. గోధుమ పండించడం నేర్చుకున్న తర్వాత కూడా ఆ జనం ఈ పండు ఏరుకోవడం మానలేదు.

ఇక ఈ గడ్డ మీది మనుషులు. మిస్సోరీ నది పరీవాహకంలోని ఆదివాసుల మొక్కల వాడకాన్ని మెల్విన్ గిల్మోర్ అనే ఆయన 1919లో గ్రంథస్థం చేశారు. డకోటా జనం ఈ పండ్లను గింజలతో సహా మెత్తగా దంచి, మాంసంలో రుచికి వేసేవారు. పానీ జనం దంచిన పొడిలో కొంచెం కొవ్వు, వేయించిన మొక్కజొన్న కలిపి తినేవారు. గింజతో సహా దంచడం అనే మాట చదవగానే నాకు మా అమ్మ రోలు ముందు కూర్చున్నట్టు కనిపించింది. రేగు వడియాలు! చిన్న రేగుపండ్లు గింజలతో కలిపి, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు, బెల్లం వేసి కచ్చాపచ్చాగా దంచి, బిళ్ళలు చేసి ఎండబెట్టేవాళ్ళు. నములుతుంటే గింజ ముక్కలు కరకరలాడేవి.

ఊరుకుంటానా? పోయిన నవంబరులో రెండు శేర్ల పండ్లు దూసి తెచ్చాను. మిక్సీలో వేయబోతే మా ఆవిడ లాక్కుంది. నిజమే, ఆ చిప్పలకు జారు లోపలంతా గీతలు పడేవి. ఇండియా నుంచి తెచ్చి గరాజ్‌లో పడేసిన చిన్న రోలు అప్పుడు అక్కరకొచ్చింది. దంచుతుంటే మొదట పటపటమని పగిలాయి, కాసేపటికి నూనె ఊరి ముద్దగా అంటుకుంది. ఉప్పూ కారమూ వేసి, బిళ్ళలు తట్టి, రెండు రోజులు ఎండలో పెట్టాం. టెక్సస్ ఎండ మన ఒంగోలు ఎండకు తీసిపోదు. మా ఆవిడ ఒకటి నమిలి, ‘ఏమండీ, తీపి ఉంది, కమ్మదనం ఉంది, పులుపేది? రేగుకు దాని పులుపే ప్రాణం’ అంది. రెండో విడత చింతపండు కలిపింది. అది కుదిరింది. రాత్రి పెరుగన్నంలోకి నంజుకున్నాం. అయితే అడుగున సన్నని ఇసుకలా పంటికి తగులుతుంది, అది సున్నపు చిప్ప పొడి. దాన్ని ఒప్పుకోగలిగితేనే వడియాలు చేయండి.

ఒప్పుకోలేనివాళ్ళకు మరో దారి ఉంది. దంచిన ముద్దలో నాలుగింతల నీళ్ళు పోసి, సన్నని సెగ మీద పావుగంట కాచి, పలచని గుడ్డలో వడకట్టి పిండాలి. టీ రంగులో చిక్కని పాల వంటిది దిగుతుంది. ఇక్కడ అడవి తిండి ఏరుకునేవాళ్ళు దీన్ని హ్యాక్‌బెర్రీ పాలు అంటారు. చక్కెర వేయక్కర్లేదు. గ్లాసులో పోసి కదపకుండా తాగండి, మడ్డి కిందికి దిగిపోతుంది. చిటికెడు యాలకుల పొడి వేస్తే బాగుంటుందని నా అభిప్రాయం, మా ఆవిడది శొంఠి పక్షం.

ఇప్పుడు మిగిలిన పండ్లు నమలవచ్చు. దవడ పళ్ళ మధ్య పెట్టుకుని మెల్లగా నొక్కండి, పటుక్కున విరుగుతుంది. పళ్ళకు తొడుగులు వేయించుకున్నవాళ్ళు చప్పరించి ఉమ్మేయండి. నేను ఈ జాగ్రత్త చెప్పే స్థితికి ఒక తొడుగు పోగొట్టుకుని వచ్చాను.

ఇంకో జాగ్రత్త, ఇది నవ్వులాట కాదు. ఇక్కడ చలికాలంలో ఆకులు రాలిన చెట్లకు గుత్తులు గుత్తులుగా పసుపుపచ్చని పండ్లు వేలాడుతుంటాయి. అది మన తురకవేప. అవును, మన ఊరి చెట్టే, ఇక్కడ నాటితే అడవులకు ఎక్కేసింది. దాని పండు విషం. హ్యాక్‌బెర్రీ పండు గుత్తిగా కాయదు, ఒక్కో సన్నని కాడకు ఒక్కో పండు విడివిడిగా వేలాడుతుంది. ఇంకా, హ్యాక్‌బెర్రీ కొమ్మల మీదే బదనిక లాంటి మిసిల్టో పచ్చని బుట్టల్లా పెరుగుతుంది. దాని తెల్లని పండ్లు కూడా ముట్టవద్దు. కంచెల్లో పెంచే ప్రివెట్ పొదల నల్లని పండ్లు అంతే. గుర్తు పట్టడానికి పండు ఒక్కటే చూడకండి. మాను చూడండి. బూడిద రంగు బెరడు మీద బెండు బొడిపెలు, పులిపిర్లలా లేచి ఉంటాయి. అరచేతితో తడిమితే చీకట్లో కూడా తెలిసిపోతుంది. ఆకు మొదట్లో వంకర, మూడు ఈనెలు, బెరడు మీద పులిపిర్లు, ఈ మూడూ కుదిరితేనే నోట్లో వేసుకోండి. మందులు చల్లే తోటల్లో, పెద్ద రోడ్ల పక్కన ఏరకండి. పార్కుల్లో కోయడానికి అనుమతి ఉందో లేదో కనుక్కోండి.

పెంచుకోవాలనుకునే వాళ్ళకు నాలుగు మాటలు. అన్ని చెట్ల పండ్లూ ఒకే రుచిగా ఉండవు. నవంబరు, డిసెంబరులో తిరిగి, పది చెట్ల పండ్లు రుచి చూసి, గుజ్జు ఎక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోండి. ఆకులు రాలాక కింద దుప్పటి పరిచి కొమ్మ దులిపితే పండ్లు ఎండుద్రాక్షలా రాలుతాయి. గుజ్జు కడిగి, గింజల్ని తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో రెండు నుంచి మూడు నెలలు ఉంచాలి. చలికాలం గడిచిందని గింజకు నమ్మకం కలిగితే తప్ప మొలవదు. ఇంట్లో ఎవరూ పారేయకుండా డబ్బా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. ఈ గొడవంతా వద్దనుకుంటే ఈ నెలలోనే నేలలో సెంటీమీటరు లోతున నాటి, ఉడుతలు తవ్వకుండా మీద ఇనుప జాలీ కప్పండి. మిగతాది టెక్సస్ చలి చూసుకుంటుంది.

మొక్కకు లోతుకు దిగే వేరు ఉంటుంది కాబట్టి పొడవాటి కుండీ వాడండి. జనవరి, ఫిబ్రవరిలో చిగురు వేయకముందే నేలలోకి మార్చండి. మొదటి రెండు వేసవులు నీళ్ళు పోయండి, ఆ తర్వాత దాని బతుకు అది బతుకుతుంది. మన డాలస్ నల్లమట్టి, వానకు బంకగా, ఎండకు బీటలు వారి, సున్నం ఎక్కువైన మట్టి, ఎన్నో ఖరీదైన మొక్కల్ని చంపింది. దీనికి అది పుట్టిల్లు. రెండు కొమ్మలు ఇరుకుగా చీలిన చోట చిన్నప్పుడే ఒకటి తీసేయండి, పెద్దయ్యాక విరిగేది అక్కడే. పెద్ద కొమ్మలు నరకవద్దు, ఆ గాయం మానదు. ఇంటి గోడకు కనీసం 20 అడుగుల దూరం, కారు నిలిపే చోటుకు ఇంకా దూరం. ఒకే చెట్టు మీద మగ పువ్వులూ ద్విలింగ పువ్వులూ ఉంటాయి, పరాగం గాలికి పోతుంది, కాబట్టి ఒక్క చెట్టున్నా కాస్తుంది. కాపుకు మాత్రం పది, పదిహేనేళ్ళు పట్టవచ్చు.

మొండితనం సంగతి ఈ దేశానికి ఒకప్పుడు బాగా తెలుసు. 1930లలో మధ్య మైదానాల్లో కరవు వచ్చి, దున్నిన మట్టి ధూళి తుపానులై లేచిపోయినప్పుడు, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1934 నుంచి 1942 వరకు ఉత్తర డకోటా నుంచి టెక్సస్ దాకా గాలికి అడ్డుగా చెట్ల వరసలు నాటించింది. దాదాపు 22 కోట్ల మొక్కలు, వరసలన్నీ కలిపితే సుమారు 30 వేల కిలోమీటర్లు. అందులో వాడిన చెట్లలో హ్యాక్‌బెర్రీ ఒకటి. 1930లో ఒహాయోలో బయటపడిన తెగులు వీధుల్లోని ఎల్మ్ చెట్లను ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టినప్పుడు, ఆ ఖాళీల్లో నాటిన చెట్లలోనూ ఇది ఉంది. 2021 ఫిబ్రవరి మంచు మీకు గుర్తుండే ఉంటుంది. మా వీధిలో తెలుగు ఇళ్ళన్నిటా కరివేపాకు చచ్చింది, నిమ్మ చచ్చింది, ఎదురింటి ఈత జాతి చెట్టు మోడయింది. మార్చి నెలాఖరుకు కంచె పక్కన మా ‘చెత్త చెట్టు’ మాత్రం ఏమీ జరగనట్టు లేత ఆకు వేసింది. మా అల్లుడు ఆ రోజు దాన్ని చూసి ఏమీ అనలేదు. అది అతని పద్ధతిలో మెచ్చుకోలు అనుకున్నాను.

నా మాటలు ఇంతే. ప్రశ్నలు అడగండి.

(షుగరు ఉన్నవాళ్ళు తినవచ్చా అని ఒకరు అడిగారు.)

ఈ ప్రశ్న రాకుండా తెలుగు సభ ముగియదని తెలుసు. నేను వైద్యుణ్ణి కాను. ఇది తియ్యని పండు, షుగరు తగ్గిస్తుందని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నా పేరు పెట్టకండి. మీ చేతిలోని ఐదింటి గుజ్జు కలిపినా పావు చెంచా కాదు. హ్యాక్‌బెర్రీ పాలు గ్లాసుడు తాగాలనుకుంటే మాత్రం మీ డాక్టరును అడగండి.

(ఇండియాకు గింజలు తీసుకుపోవచ్చా అని మరొకరు.)

వద్దు. అనుమతి, తనిఖీ పత్రం లేకుండా విత్తనాలు పెట్టెలో వేసుకుపోవడం చట్టరీత్యా తప్పు. తురకవేప ఇక్కడికి వచ్చి ఏం చేసిందో ఇందాకే చెప్పాను. ఆ బాకీ మనం తీర్చుకోనక్కర్లేదు. అక్కడ పరికి ఉంది, మొర్రి ఉంది, వాటిని నరకకుండా ఉంటే చాలు.

(తమ ఇంటి గోడను ఆనుకుని మూడేళ్ళ హ్యాక్‌బెర్రీ మొక్క ఉందని, ఏం చేయాలని ఒక గృహిణి అడిగారు.)

గోడను ఆనుకుని అంటున్నారు కాబట్టి కొట్టేయండమ్మా, మొహమాటపడకండి. పునాదికి అంత దగ్గర ఏ చెట్టూ మంచిది కాదు. మూడేళ్ళ మొక్కను తవ్వి మార్చడం కూడా కష్టం, వేరు లోతుకు పోయి ఉంటుంది. దాని తల్లి ఆ చుట్టుపక్కలే ఎక్కడో ఉంటుంది. దాన్ని వెతికి, పండు రుచి చూసి, గింజ తెచ్చి పెరటి చివర పెట్టుకోండి.

ఇక లేద్దాం. ఈ భవనం వెనక, కార్లు నిలిపే స్థలం దాటాక కాలవ గట్టున ఒక పెద్ద చెట్టు ఉంది. ఇంకో అరగంట వెలుతురు ఉంటుంది. రండి, బెరడు తడిమి చూద్దురు గాని. వచ్చే ముందు ఒక్కమాట, డబ్బా నా దగ్గరికి ఖాళీగా వచ్చింది, సంతోషం. దాని మూత మీ వరసల్లోనే ఎక్కడో ఉండిపోయింది, కాస్త కుర్చీల కింద చూడండి. అది లేకుండా ఇంటికి వెళితే మా ఆవిడ ఊరుకోదు.